గోడ మీద బొగ్గు లెక్క



ములకలపల్లి నుంచి దమ్మపేట వైపు వచ్చే దారిలో ఒకచోట కుడి పక్క టేకు తోపు, ఎడమ పక్క పత్తి చేను. మధ్యలో బండ్ల బాట ఒక్కటే అడ్డు. ఆ చేను ఒక కోయ రైతుది, రెండెకరాలకు కాస్త తక్కువ. ఆయన ఎడ్లకొట్టం గోడకు సున్నం వేసి ఉంది. ఆ సున్నం మీద బొగ్గుతో వరసగా అంకెలు రాసుకున్నాడు. 2, 3, 3, 5, 4, 7.

"ఇదేం లెక్క మామా?" అని అడిగాను.

"పురుగుల లెక్క సారూ. పొద్దున్నే బుట్టల ఎన్ని పడ్డయో చూసి ఈడ రాస్తున్న" అన్నాడు.

చేలోకి తీసుకెళ్లి చూపించాడు. కర్రకు కట్టిన లింగాకర్షక బుట్ట, పైన చిన్న కప్పు, కప్పు కింద రబ్బరు బిళ్ల, అడుగున వేలాడే పాలిథిన్ సంచి. సంచి అడుగున బూడిద రంగు రెక్కల పురుగులు ఏడు. బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్దవి, అంతే. రెండు ఇంకా కొట్టుకుంటున్నాయి. అవి పత్తి గులాబీ పురుగు తల్లిదండ్రులు. నిజానికి తండ్రులు మాత్రమే. ఏడుకు ఏడూ మగవే.

"అన్నీ మగయ్యేనా? మరి ఆడయి ఎందుకు రావు?" అన్నాడు ఆయన. పాతికేళ్లుగా పత్తి వేస్తున్న మనిషి అడిగిన ఆ ప్రశ్నకు నేను చేలో నిలబడి నాలుగు మాటల్లో చెప్పలేకపోయాను. ఈ రోజు మీ అందరి ముందూ తీరిగ్గా చెప్పాలని వచ్చాను.

ఆ రోజు జవాబు కోసం మేమిద్దరం బాట దాటి అడవిలోకి వెళ్లాం. టేకు తోపు వెనక నల్లమద్ది చెట్లున్నాయి. మద్ది ఉన్నచోట దసలి పట్టుకాయ దొరకవచ్చు. ఆయన కళ్లు నా కళ్ల కన్నా చురుకు, కొమ్మల్లో రెండు కాయలు చూపించాడు. కోడిగుడ్డు ఆకారం, గట్టి పెంకు, లేత పసుపు రంగు. కాయ పైన పొడవాటి కాడ, ఆ కాడ చివర కొమ్మ చుట్టూ ఉంగరంలా బిగుసుకుని ఉంది. ఆకంతా రాలిపోయినా కాయ రాలకుండా గొంగళిపురుగు ముందే చేసుకున్న ఏర్పాటు అది. పట్టుదారంతో ముందు కొమ్మకు ఉంగరం తొడిగి, తరువాతే తన గూడు కడుతుంది.

ఆ కాయలో నుంచి సాయంత్రం పూట రెక్కల పురుగు బయటికొస్తుంది. కొసలో పెంకును తన నోటి ద్రవంతో మెత్తబరుచుకుని, తడి రెక్కలతో పాకుతూ వచ్చి కొమ్మకు వేలాడుతుంది. రెక్కలు విప్పితే జానెడు. ఒక్కో రెక్క మీద అద్దం పొదిగినట్టు గుండ్రటి కన్ను, దాని మధ్యలో వెలుగు దాటే పొర. ఇంత పెద్ద ప్రాణికి తిండి తినే నోరు లేదు. గొంగళిగా ఉన్నప్పుడు తిన్న మద్దాకు బలంతోనే వారం పది రోజులు బతకాలి, ఆ లోపే జత కలవాలి, గుడ్లు పెట్టాలి. ఆడదానికి కడుపు నిండా గుడ్లు, బరువు. ఎక్కడికీ ఎగిరి వెతకదు. రాత్రి ముదిరాక ఒంటి చివరి కణుపులోంచి ఒక మెత్తటి గ్రంథిని బయటకు చాచి అలా నిశ్చలంగా ఉండిపోతుంది. శబ్దం లేదు, వెలుగు లేదు. మనకైతే వాసన కూడా తెలియదు. అయినా కొంతసేపటికి ఇటుక రంగు మగ పురుగులు చీకట్లోంచి ఒక్కొక్కటే వచ్చి ఆ కొమ్మ చుట్టూ తిరుగుతాయి.

మగదాని తల మీద మీసాలను దగ్గరగా చూడండి. పక్షి ఈకలా ఉంటాయి, రెండు వైపులా దువ్వెన పళ్లు. ఆడదాని మీసాలు వాటి ముందు సన్నటివి. ఈ తేడాలోనే మా రైతు ప్రశ్నకు సగం జవాబు ఉంది. పిలిచేది ఆడది, వినేది మగది. వినడానికి అంత పెద్ద చెవులు మగదానికే అవసరం. ఆ చెవులు పట్టేది వాసనను.

ఇలాంటి రాత్రి ఒకటి ఫ్రాన్స్‌లో ఫాబ్ర్ అనే ఉపాధ్యాయుడి ఇంట్లో జరిగింది. పురుగుల జీవితం గమనించడానికే ఆయుష్షంతా పెట్టిన మనిషి. ఒక మే నెల పొద్దున ఆయన బల్ల మీద, మన దసలికి దాయాది లాంటి పెద్ద జాతి ఆడపురుగు ఒకటి గూడు చీల్చుకుని వచ్చింది. దాన్ని తీగ జల్లెడ కింద పెట్టి మరచిపోయాడు. రాత్రి తొమ్మిది గంటలకు చిన్నకొడుకు సగం విప్పిన బట్టలతో గదిలో గెంతుతూ కేకలు పెట్టాడు, పిట్టలంత పురుగులు వచ్చాయని. దీపం పట్టుకుని వెళ్లి చూస్తే ఆ జల్లెడ చుట్టూ నలభై దాకా మగ పురుగులు. వరసగా ఎనిమిది రాత్రుల్లో వచ్చినవి నూట యాభై. ఆ చుట్టుపక్కల ఆ జాతి అరుదు. ఎంత దూరం నుంచి వచ్చాయో ఊహించుకోవలసిందే.

ఫాబ్ర్ వదల్లేదు. ఆడదాన్ని గాలి చొరని పెట్టెలో పెట్టాడు, ఒక్క మగదీ రాలేదు. మూత కొద్దిగా తీశాడు, వచ్చాయి. మరో జాతి ఆడపురుగుతో చేసిన ప్రయోగం నాకు అన్నిటికన్నా ఇష్టం. దాన్ని గాజు బుడ్డి కింద అందరికీ కనబడేలా ఉంచి, అది అంతకుముందు రాత్రంతా కూర్చున్న కొమ్మను దూరంగా కుర్చీ మీద పెట్టాడు. మగ పురుగులు కళ్లెదురుగా ఉన్న ఆడదాన్ని పట్టించుకోకుండా దాటిపోయి ఆ ఎండు కొమ్మ మీద వాలాయి. ఇక్కడ కన్నుకు పని లేదు. గాలి మోసుకొచ్చే ఏదో పదార్థం ఉంది, అది ఆ కొమ్మకు అంటింది.

ఆ పదార్థం ఏమిటో తేల్చడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది. జర్మనీ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బుటెనాంట్ 1930లలో పని మొదలుపెట్టాడు. ఆయన ఎంచుకున్నది మల్బరీ పట్టుపురుగు, ఎందుకంటే అది కావలసినన్ని దొరుకుతుంది. అయిదు లక్షల ఆడ పురుగుల కడుపు కొసలు కోసి, కరిగించి, వడగట్టి, చివరికి మిగిలింది కొద్ది మిల్లీగ్రాములు. 1959లో దాని నిర్మాణం చెప్పగలిగాడు. బాంబికాల్ అని పేరు పెట్టారు. పదహారు కర్బన పరమాణువుల గొలుసు, మధ్యలో రెండుచోట్ల జంట బంధాలు. అదే ఏడాది కార్ల్‌సన్, లూషర్ అనే ఇద్దరు ఇలాంటి పదార్థాలన్నిటికీ గ్రీకు మాటలు కలిపి ఫెరమోన్ అనే పేరు తయారుచేశారు. మోసుకుపోవడం, రేపడం అనే అర్థాలు అందులో ఉన్నాయి. మన వ్యవసాయ శాఖ వాళ్లు లింగాకర్షక రసాయనం అన్నారు. ఊళ్లో మాత్రం బుట్ట మందు అంటున్నారు, ఆ మాటతో ఒక ఇబ్బంది ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను.

మగ పట్టుపురుగు ఒక్కొక్క మీసం మీద పదిహేడు వేల దాకా వాసన పట్టే వెంట్రుకలున్నాయి. ఆ వెంట్రుక లోపలి నాడీకణం ఒక్కటంటే ఒక్క బాంబికాల్ అణువు తగిలినా స్పందిస్తుందని 1970 ప్రాంతంలో తేలింది. వాసన గాలిలో పొగలా సాగుతుంది. పొయ్యి పొగ గాలికి పాయలు పాయలుగా విడిపోయి పోవడం చూస్తాం కదా, అలాగే. మగ పురుగు ఒక పాయ తగలగానే గాలికి ఎదురు ఎగురుతుంది. పాయ తెగిపోతే ముందుకు పోదు. అడ్డంగా అటూ ఇటూ ఊగుతూ వెతుకుతుంది. మళ్లీ తగిలితే మళ్లీ ఎదురుగాలిలో ముందుకు. అంత చీకట్లో అది ఆ కొమ్మను చేరుకునే తీరు ఇదే. గాలి బొత్తిగా ఆడని రాత్రి, లేదా విసురుగా వీచే రాత్రి బుట్టలో పురుగులు తక్కువ పడటానికి కారణం కూడా ఇదే. ఒక రోజు లెక్క తగ్గిందని పురుగు పోయిందనుకోకండి. ముందు రాత్రి వాన పడిందా, గాలి ఎలా ఉంది అని గుర్తు చేసుకోండి.

ఇక గులాబీ పురుగు దగ్గరికి వద్దాం. ఇది మన దేశపు పత్తిని ఎప్పటి నుంచో తింటున్న పురుగు. 1840లలో గుజరాత్‌లోని బరూచ్ నుంచి పంపిన పురుగుల ఆధారంగానే ఒక ఇంగ్లీషు శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించాడు. అర్ధరాత్రి దాటిన తరువాత ఆడది పిలుస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కొద్ది గంటల్లోనే పూమొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది. దూరిన రంధ్రం కాయ పెరిగేకొద్దీ పూడుకుపోతుంది. పైనుంచి చూస్తే నిగనిగలాడే కాయ. లోపల గింజ తింటూ, దూదిని పసుపు మరకలు చేస్తూ పురుగు ఉంటుంది. ఇక మీరు ఎంత ఖరీదైన మందు కొట్టినా అది కాయ తొక్క మీదనే ఆగిపోతుంది.

గుడ్డిపువ్వు మీకందరికీ తెలుసు. పత్తి పువ్వు విచ్చుకోవలసిన రోజు విచ్చుకోదు. రేకుల కొసలు దారంతో కుట్టినట్టు ముడుచుకుని గులాబీ మొగ్గలా మిగిలిపోతుంది. ఆ దారం పురుగు నోటి దారమే. ఆ రైతు కూతురు నా ముందే ఒక గుడ్డిపువ్వు తెంపి గోటితో విప్పింది. లోపల కేసరాల మధ్య గోధుమగింజ పొడవు పురుగు, నల్లటి తల. ఒంటి మీద గులాబీ ఛాయ ఇంకా సరిగా రాలేదు. "ఇంత లేదు, ఇదా మా పత్తిని తింటున్నది" అంది. ఆ పిల్ల గొంతులో కోపం నేను మరచిపోలేను. కూలి, విత్తనం, ఎరువు, అన్నిటికీ అప్పు తెచ్చిన ఇల్లు అది.

మన దగ్గర బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. కొన్నేళ్లు కాయతొలుచు పురుగుల బాధ తగ్గిన మాట నిజం. కానీ 2010లో గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి రకాన్ని తట్టుకుంటోందని తేలింది. ఆ తరువాత కొద్దికాలానికే రెండో రకాన్నీ తట్టుకుంది. కారణాల్లో ఒకటి మన చేతిలోనే ఉంది. డిసెంబరు, జనవరిలో తీసేయాల్సిన పత్తిని ఇంకో ఏరుడు వస్తుందని మార్చి, ఏప్రిల్ దాకా చేలో ఉంచుతున్నాం. ఆ పురుగుకు ప్రధానంగా పత్తే తిండి. ఎండాకాలమంతా దానికి మనమే అన్నం పెట్టి కాపాడుతున్నట్టయింది.

దీని పిలుపు పదార్థాన్ని కనుక్కున్న కథ కూడా చెప్పాలి, ఎందుకంటే బుట్టలో పెట్టే ఆ చిన్న బిళ్ల మీద మీకు గౌరవం కలగాలి. 1966లో అమెరికా శాస్త్రవేత్తలు దొరికిందని ప్రకటించారు, ప్రొపైలూర్ అని పేరు కూడా పెట్టారు. తయారుచేసి చేలో పెడితే మగ పురుగులు రాలేదు. పొరపాటు ఎక్కడ ఉందో వెతుకుతూ ఏళ్లు గడిచాయి. 1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ బృందం అసలుది పట్టుకుంది. గాసిప్లూర్ అంటారు. అది ఒక పదార్థం కాదు, రెండు. రెండింటిలోనూ అవే పరమాణువులు, అంతే సంఖ్య. గొలుసులో ఒక జంట బంధం దగ్గర మలుపు మాత్రం ఒకదాంట్లో ఇటు, ఇంకోదాంట్లో అటు. ఆ రెండూ సగం సగం కలిస్తేనే మగది వస్తుంది. ఒక్కటే పెడితే రాదు.

శనగపచ్చ పురుగు విషయం ఇంకా ఆశ్చర్యం. మన మిరపలోనూ కందిలోనూ ఉండే ఆ పురుగు పిలుపులో రెండు పదార్థాలు దాదాపు 97కి 3 పాళ్లలో ఉంటాయి. దాని దాయాది జాతి ఒకటుంది, పొగాకు, మిరప కుటుంబపు మొక్కలను తింటుంది. అది కూడా అవే రెండు పదార్థాలు వాడుతుంది, పాళ్లు మాత్రం తారుమారు. ఆ కొలత తేడా వల్లే ఒకదాని మగది ఇంకోదాని ఆడదాని దగ్గరికి పోదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు 1980లలో శనగపచ్చ పురుగు కోసం దేశమంతటా బుట్టలు కట్టించి లెక్కలు రాయించారు. ఈనాడు మీ చేలో వేలాడుతున్న గరాటు, సంచి ఉన్న బుట్టకు ఆ పనితో చుట్టరికం ఉంది.

అందుకే బిళ్ల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక ఏడాది మా బంధువుల చేలో నేనే బుట్టలు కట్టించాను. ఒక దుకాణంలో బిళ్లలు తెచ్చాం. పది రోజులైనా ఒక్క పురుగూ పడలేదు. చేను శుభ్రంగా ఉందని సంతోషించాం. పదకొండో రోజు చూస్తే వరసకు నాలుగైదు గుడ్డిపూలు. తీరా పొట్లం మీద అక్షరాలు వెలుగులో చదివితే అవి పొగాకు లద్దె పురుగు బిళ్లలు. ఇచ్చినవాళ్లు చూడలేదు, నేనూ చూడలేదు. ఆ పది రోజులు మాకు చేటు చేశాయి. అప్పటి నుంచి ఎవరికి చెప్పినా ముందు ఇదే చెబుతాను. పొట్లం మీద మీ పురుగు పేరుందా చూడండి. తయారైన తేదీ చూడండి. ఎండ తగిలే అరలో పెట్టినవి తీసుకోకండి. రెండు రకాల బిళ్లలు ఒకే చేత్తో పట్టుకోకండి, బీడీ చేత్తో పట్టుకోకండి. మూడు నాలుగు వారాలకు బిళ్ల మార్చాలి, పాతది అక్కడే చేలో పారేయకూడదు. పారేస్తే మగ పురుగు ఫాబ్ర్ గారి ఎండు కొమ్మ దగ్గరికి వెళ్లినట్టు దాని దగ్గరికి వెళుతుంది.

బుట్ట విత్తిన నలభై అయిదు రోజులకల్లా చేలో ఉండాలి. పైరు కొస కన్నా ఒక అడుగు ఎత్తున కట్టాలి, పైరు పెరిగేకొద్దీ పైకి జరపాలి. పురుగు ఉనికి తెలుసుకోవడానికైతే ఎకరానికి రెండు మూడు చాలు. ఒక్కో బుట్టలో రోజుకు ఎనిమిది చొప్పున వరసగా మూడు రోజులు పడితే హద్దు దాటినట్టు. వంద పూలలో పది గుడ్డిపూలు కనిపించినా, కోసి చూసిన ఇరవై పచ్చికాయల్లో రెండింట పురుగున్నా అంతే.

ఇందాక బుట్ట మందు అనే మాటతో ఇబ్బంది ఉందన్నాను. మందు అనగానే పురుగు చస్తుందనుకుంటాం. ఈ బుట్ట ప్రధానంగా కబురు చెప్పే వస్తువు. ఎక్కువ బుట్టలు కట్టి మగవాటిని ఖాళీ చేసే పద్ధతీ ఉంది, కానీ అది అన్నివేళలా సాగదు. వంద మగ పురుగుల్లో ఎనభై పట్టుకున్నామనుకోండి. మిగిలిన ఇరవై ఒక్కొక్కటి ఒకటికి మించి ఆడవాటితో జత కలవగలవు. పైగా పక్క చేలో జత కలిసిన ఆడది గుడ్లతో ఎగిరి మన చేలోకి వస్తే మన బుట్ట దాన్ని పట్టదు, బుట్ట వాసన దానికి పిలుపే కాదు. పురుగు తక్కువగా ఉన్నప్పుడు, సీజను మొదట్లోనే, ఊరంతా ఒకేసారి కడితేనే ఈ పద్ధతికి బలం. ఒక్కడి చేలో ఇరవై బుట్టలు పెట్టడం కన్నా ఇరవై మంది చేలల్లో కలిసి పెట్టడం మేలు. నా మాట గట్టిగా ఉన్నట్టనిపిస్తే క్షమించండి, ఒంటరి బుట్టలకు డబ్బు పోసి నష్టపోయిన ఇళ్లు చూశాను.

ఇంకో పద్ధతి ఉంది. బుట్టే అక్కర్లేదు. అదే వాసనను నింపిన సన్నటి గొట్టాలు మొక్కలకు కడతారు, లేదా మైనం లాంటి ముద్ద చేను నిండా అక్కడక్కడ అద్దుతారు. గాలంతా ఆడదాని పిలుపుతో నిండిపోతుంది. అసలు ఆడది ఎక్కడుందో మగదానికి తెలియక తిరిగి తిరిగి అలిసిపోతుంది. జాతరలో పది మైకులు ఒకేసారి మోగితే పిల్లవాడికి తల్లి పిలుపు వినపడనట్టు. మన దేశంలో కూడా ఈ మధ్య పత్తి చేలల్లో ఇది వాడుకలోకి వచ్చింది. ఇది కూడా విడివిడి చేలల్లో కన్నా పెద్ద కమతంలో బాగా పనిచేస్తుంది.

గులాబీ పురుగు 1917లో అమెరికాలోని టెక్సాస్ చేరింది. 2018లో తమ పత్తి పండించే ప్రాంతాల్లో అది పూర్తిగా పోయిందని ఆ దేశం ప్రకటించింది. మధ్యలో నూరేళ్లు. బీటీ పత్తి, ఈ వాసన పదార్థాలు, విమానాల్లోంచి వదిలిన గొడ్డు రెక్కల పురుగులు, పంట తీసేసే తేదీల మీద కట్టుబాటు, ఇవన్నీ కలిస్తే, సరిహద్దు అవతల మెక్సికో రైతులు కూడా కలిసొస్తే అయిన పని అది.

ఇప్పుడు బాటకు కుడి పక్కన ఉన్న టేకు తోపు సంగతి. తొలకరి వానలకు టేకు కొత్త ఆకు వేస్తుంది. కొన్ని ఏళ్లలో ఆ లేతాకు మీద నల్లటి గొంగళ్లు దండులా పడతాయి. అలాంటి తోపులో నిలబడితే సన్న చినుకులు పడుతున్న శబ్దం వినిపిస్తుంది. ఆకాశం తేటగా ఉంటుంది, తల మీద రాలేవి గొంగళ్ల రెట్టలు. నాలుగైదు రోజుల్లో చెట్టు మీద ఈనెలు మిగులుతాయి. వానాకాలం చివర ఇంకో పురుగు వచ్చి ముదురాకును జల్లెడ చేస్తుంది. చెట్టు చావదు, మళ్లీ చిగురిస్తుంది. అందుకే చాలామంది దీన్ని నష్టంగా లెక్కపెట్టరు. కేరళలోని పీచి అటవీ పరిశోధన సంస్థ వాళ్లు నీలంబూరు లేత టేకు తోటల్లో ఏళ్ల తరబడి కొలిచి చూస్తే, ఈ మొదటి పురుగు వల్ల పెరగాల్సిన కలపలో 44 శాతం తగ్గిపోయింది. ఆ సంస్థే ఈ గొంగళికి సహజంగా సోకే వైరస్‌ను వేరుచేసి, దాన్నే చెట్లపై చల్లే పద్ధతి తయారుచేసింది.

అడవి పురుగు మీద వాసన పదార్థాలు పనిచేసిన పెద్ద ఉదాహరణ అమెరికాలోనే ఉంది. 1860ల చివర ట్రూవెలో అనే ఆయన పట్టు ప్రయోగాలకని యూరప్ నుంచి ఒక రెక్కల పురుగును మసాచుసెట్స్‌లో తన ఇంటికి తెచ్చాడు. అది తప్పించుకుని ఓక్ అడవులను బోడి చేసింది. దాని వాసనను 1970లో గుర్తించి డిస్పార్లూర్ అన్నారు. ఇప్పటికీ అది పాకే అంచుల్లో విమానాలతో ఆ వాసనను అడవి మీద చల్లి వేగం తగ్గిస్తున్నారు. అక్కడ అది సాధ్యం కావడానికి ఒక కారణం, అక్కడున్న ఆ పురుగులో ఆడది ఎగరలేదు. టేకు పురుగు ఆడవి గుంపులుగా ఎగిరి వస్తాయి, ముందు వానలు పడినచోట దిగి గుడ్లు పెడతాయి. వచ్చేసరికే జత కలిసిన ఆడదాన్ని వాసనతో అయోమయంలో పెట్టి లాభం లేదు. పురుగు నడవడిక తెలియకుండా పద్ధతి ఎంచుకోకూడదని నేను అనేది ఇందుకే.

ఈ అడవి అంచున తోటలున్నవాళ్లు ఇంకో అతిథిని ఎరుగుదురు. బత్తాయి, నిమ్మ, జామ పండేవేళ రాత్రిపూట వచ్చి పండుకు సూదిపోటు పొడిచి రసం పీల్చే రెక్కల పురుగు. పొద్దున చూస్తే గుండుసూది మొనంత చుక్క, రెండు మూడు రోజుల్లో అక్కడ మెత్తబడి కుళ్లి పండు రాలిపోతుంది. దాని వెనక రెక్కలు నారింజ పసుపు, నల్లటి మచ్చలతో అందంగా ఉంటాయి. దాని పిల్లలు తోటలో ఉండవు. అడవిలో తిప్పతీగ, దూసరితీగ మీద పెరుగుతాయి. పిల్లల ఇల్లు అడవి, పెద్దల విందు తోట. దీన్ని పిలిచేది పండు వాసనే. అందుకే బెల్లం నీళ్లలో వెనిగర్, మలాథియాన్ కలిపి వెడల్పు మూతి పాత్రల్లో తోటలో పెట్టమని చెబుతారు. పెడితే పిల్లలకూ మేకలకూ అందనంత ఎత్తున పెట్టండి, పొద్దున్నే తీసేయండి, లేకపోతే తేనెటీగలు వాలతాయి. తోట గట్ల మీద తిప్పతీగ తీసేయమని కూడా అంటారు. గట్టు మీద తీయండి గానీ అడవిలోకి వెళ్లి పీకకండి. ఎన్నో ఇళ్లకు అది మందు తీగ. రాలిన పండ్లు ఏరి పూడ్చిపెట్టడం, పండిన కాయను త్వరగా కోయడం, వీలైన చోట కాయలకు సంచులు కట్టడం వల్ల ఎక్కువ మేలు.

అశ్వారావుపేట చుట్టుపక్కల ఆయిల్‌పామ్ రైతులు బకెట్లలో పెట్టే కొమ్ము పురుగు వాసన బిళ్లకు మరో తీరు. అక్కడ పిలిచేది మగ పెంకుపురుగు, ఆ పిలుపుకు ఆడవీ మగవీ రెండూ వస్తాయి. అందువల్ల అక్కడ బకెట్‌కు పట్టే బలం ఎక్కువ.

ఈ పిలుపులను వినేది మగ పురుగులొక్కటే కాదు. ఆవగింజలో పదో వంతు కూడా లేని ట్రైకోగ్రామా కందిరీగ ఆ వాసన పట్టుకునే వచ్చి, ఆ రాత్రి పెట్టిన గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. అమెరికా ఖండంలో ఒక సాలీడు ఉంది, గూడు అల్లదు. ఆడ రెక్కల పురుగు వాసనను తన ఒంట్లోనే తయారుచేసి గాలిలో వదులుతుంది. వచ్చిన మగదాన్ని దారానికి కట్టిన జిగురు బంతితో కొట్టి పట్టుకుంటుంది. మన బుట్టను మనకన్నా ఎన్నో లక్షల ఏళ్ల ముందే కనిపెట్టింది. ఆసియా ఆడ ఏనుగు జత కోరే కాలంలో మూత్రంలో విడిచే పదార్థం, నూటికి పైగా రెక్కల పురుగు జాతులు వాడే పదార్థం ఒక్కటేనని 1996లో బెట్స్ రాస్ముసెన్ అనే పరిశోధకురాలు చూపించింది. ఇది చదివిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అంత బరువైన జంతువు, ఇంత తేలికైన పురుగు, గాలిలో ఒకే మాట.

మొన్న మళ్లీ ఆ చేనుకు వెళ్లాను. గోడ మీద 7 తరువాత మూడు అంకెలు పెరిగాయి. 9, 8, 10. వాటి కింద గీత గీసి ఉంది. ఆ గీత పక్కన కూతురు తన లెక్క రాసింది, వంద పూలకు ఆరు గుడ్డిపూలు. ఆరు పూలనూ తెంపి, ఉప్పు నీళ్ల డబ్బాలో వేసింది. పూల లెక్క ఇంకా హద్దు దాటలేదు, బుట్ట లెక్క దాటింది. కాయల్లోకి దూరకముందే దొరికిన సమయం అది.

రైతు ఇంట్లో లేడు. పక్క చేల వాళ్లను పిలుచుకురావడానికి వెళ్లాడని చెప్పింది. కాసేపటికి నలుగురితో వచ్చాడు. వాళ్లలో ఇద్దరి చేలల్లో బుట్టలే లేవు. ఒకాయన గోడ దగ్గరికి వెళ్లి అంకెలు వేలితో తడుముతూ, "ఇయ్యన్నీ ఒక్క బుట్టలయ్యేనా?" అన్నాడు.

"ఒక్క బుట్టయ్యే. మన ఐదుగురి చేలు కలిపి ఎన్నున్నయో నువ్వే చెప్పు అన్నా" అన్నాడు మా రైతు. బొగ్గుముక్క ఆయన చేతికిచ్చాడు.